ఉతికిన కోటు

కోటు కుడి భుజం దగ్గర మళ్ళీ చిరిగింది. బుల్లి గడప మీద కూర్చుని, దబ్బనానికి పురికొస ఎక్కించి, చిరుగు మీద గోనె ముక్క వేసి కుట్టుకొస్తోంది. లోపల పాత కంబళి, పైన గోనె, మోచేతుల దగ్గర తోలు. ఒళ్ళో పెట్టుకుంటే పసిపిల్లాణ్ణి పడుకోబెట్టుకున్నంత బరువు. వాసన మాత్రం పసిపిల్లలది కాదు. కుక్కల చొంగ, మట్టి, నాన్న చెమట. ఆ కోటుని ఎప్పుడూ ఉతకలేదు. ఉతకొద్దని నాన్న గట్టిగా చెప్పాడు.

"ఆ వాసనకే అవి ఒళ్ళు తెలియకుండా ఎగబడతాయి. ఉతికారంటే నా ఉద్యోగం నీళ్ళలో పోయినట్టే" అంటాడు.

నాన్న ఉద్యోగం దొంగ. రోడ్డుకి అవతలున్న కాలనీలో పెంపుడు కుక్కలకి కాపలా నేర్పే మాస్టారు ఒకాయన ఉన్నాడు. నాన్న ఆయన దగ్గర పనిచేస్తాడు. మాస్టారు కుక్క గొలుసు పట్టుకుని నిలబడితే, నాన్న ఈ కోటు తొడుక్కుని, ఎడమ చేతికి లావుపాటి గోనె తొడుగు ఎక్కించుకుని, పొద వెనక నుంచి వంగి వంగి వస్తాడు. "పట్టు" అనగానే కుక్క దూకి ఆ తొడుగుని కరిచి పట్టుకుంటుంది. నాన్న కాసేపు పెనుగులాడి, ఓడిపోయి, కింద పడాలి. తొడుగు దానికి వదిలెయ్యాలి. ప్రతిసారీ కుక్కే గెలవాలి.

"ఇదిగో, ఇది కుంటి దొంగ" అంటూ నాన్న గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి కాలీడ్చుకుంటూ నడిచాడు.

అమ్మ గిన్నెలు బోర్లిస్తూ వెనక్కి తిరిగింది. "కాలికేమైంది?"

"ఏం కాలేదే. వేషం. ఇప్పుడు చూడు, తాగిన దొంగ." తూలుతూ వచ్చి బుల్లి మీద పడబోయి తమాయించుకున్నాడు. "ఇది సిగ్గుపడే దొంగ." తల దించుకుని, గోడకి రాసుకుంటూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నడిచాడు.

"అది మన బుల్లి" అంది అమ్మ.

బుల్లికి నవ్వాగక దబ్బనం వేలికి గుచ్చుకుంది.

"ఎందుకయ్యా ఇన్ని వేషాలు?"

నాన్న కింద చతికిలబడ్డాడు. "మాస్టారు ఇంకో మనిషిని తెస్తానంటున్నాడు. ఎప్పుడూ ఒక్కడే దొంగైతే కుక్క ఆ ఒక్కణ్ణే నేర్చుకుంటుందట. మనుషుల్ని మార్చి మార్చి పెట్టాలట."

"నిజమేగా మరి."

"నిజమే. వాడొచ్చాక నాకు సగం పనే. ఆ తర్వాత వాడు నాకంటే బాగా కరిపించుకుంటే ఆ సగం కూడా ఉండదు. అందుకే కాళ్ళావేళ్ళా పడ్డాను. ఎంతమంది దొంగలు కావాలన్నా నేనే అవుతాను మాస్టారూ, రోజుకో రకంగా నడుస్తాను అన్నాను. సరేలే అన్నాడు. ఇంకో మనిషిని వెతుక్కునే ఓపిక ఆయనకి మాత్రం ఎక్కడుంది?"

"నడక మారుస్తావు సరే. కోటు ఒకటేగా" అంది అమ్మ.

నాన్న వినిపించుకోలేదు. "ఇంకోటి మిగిలింది, పరుగెత్తే దొంగ" అంటూ లేచాడు.

మర్నాడు బడికి సెలవు. తొడుగు మోసుకుంటూ బుల్లి కూడా వెళ్ళింది. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకం ముందుకి తోశాడు. "దొంగ గారూ, సంతకం పెట్టి లోపలికి దయచెయ్యండి."

"నువ్వింత మర్యాద చేస్తే ఇంక దొంగతనం చెయ్యబుద్ధి కాదయ్యా" అన్నాడు నాన్న. రోజూ ఇవే మాటలు, రోజూ ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వుకుంటారు.

కాలనీ మధ్యలో పచ్చిక, చుట్టూ సిమెంటు బెంచీలు. పొద్దున్నే కుక్కలున్నవాళ్ళంతా అక్కడ చేరతారు. వాళ్ళకి ఒకళ్ళ పేర్లు ఒకళ్ళకి తెలియవుగానీ కుక్కల పేర్లన్నీ తెలుసు. "జిమ్మీ వాళ్ళమ్మ ఇంకా రాలేదేం?" "రాణీ వాళ్ళ నాన్నకి జ్వరమట." జిమ్మీ వాళ్ళమ్మ వచ్చి, బెంచీ మీద కూర్చుని, జిమ్మీ కాళ్ళు ఒక్కొక్కటే ఒళ్ళోకి తీసుకుని తడిగుడ్డతో తుడిచింది. నాన్నని చూసి, "దొంగ వచ్చాడర్రా" అని అందరికీ చెప్పింది, ముద్దుగానే.

అన్నిట్లోకీ పెద్ద కుక్క మేజర్. నల్లటి వీపు, ఎర్రమట్టి రంగు కాళ్ళు. అది కాలనీ సెక్రటరీ గారిది. అమ్మ పనిచేసేది వాళ్ళింట్లోనే. అంట్లు తోమి, ఇల్లు తుడిచి, మేజర్‌కి తిండి పెట్టి వస్తుంది. ఇంటికొచ్చి దాని కబుర్లే చెబుతుంది. చీపురు నోట కరుచుకుని పారిపోయిందని, పొట్ట నిమరమని వెల్లకిలా పడుకుందని, చెవుల వెనక పట్టులా ఉంటుందని. నాన్న ఆ మాటలు నోరు తెరుచుకుని వింటాడు. ఆయన దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. దొంగ కుక్కని ముద్దు చెయ్యకూడదు. తల నిమరకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. ఒక్కసారి నిమిరితే చాలు, అన్నాళ్ళు నేర్పినదంతా మట్టిలో కలుస్తుందని మాస్టారు మొదటి రోజే చెప్పాడట.

ఆ రోజు నాన్న కుంటి దొంగగా వచ్చాడు. మేజర్ గాల్లోకి లేచి తొడుగు పట్టుకుంది. నాన్న మోకాళ్ళ మీద పడి, పక్కకి ఒరిగి, తొడుగు వదిలేశాడు. అది దాన్ని నోట కరుచుకుని పచ్చికంతా తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మా ఇంటి ప్రహరీ మీద పిల్లి నడిచినా మేజర్ ఊరుకోడు" అన్నాడు సెక్రటరీ గారు. "తాళాలు వెయ్యడం కూడా మానేశాం."

మాస్టారు చిన్నగా నవ్వి గొలుసు చుట్టుకున్నాడు.

నాన్న దూరంగా కుళాయి గట్టు మీద కూర్చుని కోటు విప్పాడు. ఎవరిదో కొత్త కుక్కపిల్ల, ఇంకా నడక కూడా సరిగ్గా రానిది, దొర్లుకుంటూ వచ్చి ఆయన కాలి బొటనవేలు నాకింది. నాన్న రెండు చేతులూ చంకల్లో దాచుకుని మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. దాన్ని పెంచుకునే ఆవిడ వచ్చి ఎత్తుకెళ్ళేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒకరోజు బుల్లి బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లో ఉంది. ఆ వేళకి ఎప్పుడూ ఉండదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్నవి దోపుకున్నట్టే ఉన్నాయి.

"వాళ్ళింట్లో దొంగలు పడ్డారే" అంది. "పొద్దున నేను పని చేసి వచ్చేశాను. వాళ్ళు చుట్టాలింటికి వెళ్ళారు. మధ్యాహ్నం వచ్చి చూసుకుంటే పెరటి తలుపు తీసుంది, బీరువా తీసుంది, అమ్మగారి బంగారం లేదు."

"మేజర్ లేదా?"

"పెరట్లోనే ఉంది. కట్టెయ్యలేదు కూడా. పక్కిళ్ళవాళ్ళకి ఒక్క మొరుగు వినపడలేదట." అమ్మ చేతులు చూసుకుంది. "సాయంత్రం నన్ను పచ్చిక దగ్గరికి రమ్మన్నారు. నువ్వు కూడా రా. ఒక్కదాన్నే వెళ్ళలేను."

సాయంత్రం బెంచీలన్నీ నిండిపోయాయి. కుక్కలు యజమానుల కాళ్ళ దగ్గర పడుకున్నాయి. మేజర్ అమ్మని చూసి తోకాడించింది. సెక్రటరీ గారు గొలుసు బిగించి పట్టుకున్నాడు.

"చూడమ్మా, నిన్ను ఏమీ అనడం లేదు" అన్నాడాయన. "ఒక్కటే అడుగుతున్నాను. పరాయివాడెవడైనా వస్తే మేజర్ ముక్కలు చేసేది. ఈ సంగతి అందరికీ తెలుసు. మొరగనైనా మొరగలేదంటే ఏమిటర్థం?"

"నాకేం తెలుసు అయ్యగారూ."

"దానికి అలవాటైన మనిషి వచ్చాడనేగా."

"దానికి తిండి పెట్టేది నువ్వేగా" అంది జిమ్మీ వాళ్ళమ్మ. గొంతు మెత్తగానే ఉంది.

"నేను పొద్దున్నే వచ్చేశానమ్మా. గేటు దగ్గర అడగండి."

"గేటు ఒకటేనా, గోడలు లేవూ?"

బుల్లి ఏదో అనాలనుకుంది. అమ్మ కొంగు పట్టుకుని నిలబడింది, అంతే.

నాన్న అప్పుడే నీళ్ళ ట్యాంకు అవతల ఇంకో కుక్కతో పని ముగించాడు. ఎవరు చెప్పారో, కోటు విప్పకుండా, పచ్చికకి అడ్డం పడి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యగారూ, దాన్నెందుకు" అనబోయాడు. మాట పూర్తి కాలేదు. మేజర్ గొలుసు లాక్కుని, సెక్రటరీ గారిని రెండు బెంచీల దూరం ఈడ్చుకుపోయి, నాన్న భుజం పట్టుకుంది. బుల్లి కుట్టిన చోటే పట్టుకుంది. పురికొస పటపటా తెగింది. తొడుగు లేని చేతికి పళ్ళు గీరుకున్నాయి. నాన్న అలవాటుగా మోకాళ్ళ మీద పడి పక్కకి ఒరిగాడు. మాస్టారు ఉరికొచ్చి కుక్క మెడపట్టీ మెలిపెట్టి విడిపించాడు.

రాణీ వాళ్ళ నాన్న అన్నాడు. "మనం ఎంతసేపు అడిగినా తేలనిది అది ఒక్క క్షణంలో తేల్చేసింది."

"మూగజీవం. దానికి అబద్ధం చెప్పాల్సిన పనేముంది?" అంది ఇంకొకావిడ.

బుల్లి ఒక్కొక్క మొహమే చూసింది. మొరగలేదు కాబట్టి అమ్మ. ఎగబడింది కాబట్టి నాన్న. ఈ రెండూ పొసగవని ఎవరో ఒకరు అంటారని చూసింది. కుక్కకి నాన్న మీద ఎగబడటమే నేర్పారని అక్కడున్న అందరికీ తెలుసు, అందరూ రోజూ చప్పట్లు కొట్టినవాళ్ళే. అయినా ఎవరూ అనలేదు. మాస్టారు మేజర్ నోరు తెరిచి పళ్ళు ఊడాయేమో చూస్తున్నాడు. ఒక్కొక్క పన్నూ వేలితో తడుముతూ చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున నాన్న మాస్టారి షెడ్డుకి వెళ్ళాడు. చేతికి తగిలిన దెబ్బకి అమ్మ గుడ్డ కట్టింది. బుల్లి గుమ్మం బయట నిలబడింది. గోడకి గొలుసులు, తోలు పట్టీలు వరసగా వేలాడుతున్నాయి. మాస్టారు నూనెగుడ్డతో ఒక పట్టీ తుడుస్తున్నాడు.

"ఒక్క మాట చెప్పండి మాస్టారూ. ఈ కుక్కలు నన్ను తప్ప ఇంకెవర్నీ పట్టవని. కొత్తవాడు ఎవడొచ్చినా లోపలికి పోగలడని. మీరు చెబితే నమ్ముతారు."

"చెప్పాక?" మాస్టారు పట్టీ తిరగేశాడు. "ఇన్ని ఇళ్ళవాళ్ళూ మా కుక్కకి ఏం వచ్చని అడుగుతారు. ఏం వచ్చు? నిన్ను కరవడం వచ్చు. రేపు ఒక్కడు నా దగ్గరికి కుక్కని పంపుతాడా?"

"నిజం అదే కదండీ."

"నిజమే. ఇంకో మనిషిని తెస్తానంటే నా కాళ్ళు పట్టుకున్నదెవరు? నువ్వా, నేనా?"

నాన్న చేతిగుడ్డ ముడి విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"పోలీసులదాకా పోకుండా నేను సర్దిచెప్పాను" అన్నాడు మాస్టారు, కాస్త గొంతు తగ్గించి. "మీ ఆవిడా నువ్వూ ఇటువైపు రాకుండా ఉంటే చాలన్నారు. నా చేతనైంది ఇదేనయ్యా. కోటు రేపు పంపించెయ్యి. కొత్తగా ఒకణ్ణి పెడుతున్నాను. ఆ కోటు చూస్తేగానీ అవి లేవవు."

"తొడుగు కూడా చిరిగిపోయి ఉంది. అమ్మాయి కుట్టాలి."

"అది ఆదివారం తెచ్చివ్వు. గేటు దగ్గర ఇస్తే చాలు."

ఇంటికొచ్చాక నాన్న కోటుని అమ్మ ముందు పడేసి, మాస్టారు అడిగిన సంగతి చెప్పి, బయటికి వెళ్ళిపోయాడు.

అమ్మ కోటు ఎత్తి పట్టుకుని చూసింది. ముక్కు ముడుచుకుంది. లేచి పెద్ద తొట్టిలో నీళ్ళు నింపింది.

"అమ్మా, నాన్న ఉతకొద్దన్నాడుగా" అంది బుల్లి.

"అది నాన్న వేసుకునేటప్పుడు. ఇప్పుడు ఇంకొకళ్ళ ఒంటి మీదకి వెళ్తోంది. నా ఇంట్లో నుంచి ఒకరికి వెళ్ళే బట్ట ఇలా వెళ్తుందా?" అమ్మ సబ్బు తీసింది. "దొంగలన్నారు, పడ్డాం. మురికివాళ్ళని కూడా అనిపించుకోమంటావా?"

ఇద్దరూ కలిసి కోటుని తొట్టిలోకి తొక్కారు. నీళ్ళు నల్లగా మారాయి, పైకి వెంట్రుకలు తేలాయి. నల్లవి, తెల్లవి, ఎర్రవి. కాలనీలోని కుక్కలన్నీ ఆ తొట్టిలో ఉన్నట్టనిపించింది బుల్లికి. అమ్మ బండ మీద వేసి బ్రష్షుతో రుద్దింది. ఎవరి మీద కోపమో మరి, కంబళి పోగులు లేచేదాకా రుద్దింది. నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించారు. ఇద్దరూ రెండు చివర్లు పట్టుకుని పిండి, తాడు మీద వేస్తే తాడు నేలదాకా సాగింది.

నాన్న తిరిగొచ్చి వాకిట్లోనే ఆగిపోయాడు. ఎండలో కోటు నుంచి ఆవిరి లేస్తోంది. దగ్గరికెళ్ళి అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఉతికారా?"

"మరి మురికిది ఇవ్వమంటావా?" అంది అమ్మ లోపల్నుంచి.

నాన్న నవ్వాడు. ఆ రెండు రోజుల్లో అదే నవ్వడం. ఎందుకు నవ్వాడో చెప్పలేదు. మర్నాడు బుల్లి భుజం చిరుగు కుట్టాక, మాస్టారి మనిషి వచ్చి కోటు తీసుకెళ్తుంటే గడపలోనే నిలబడి వాడు మలుపు తిరిగేదాకా చూశాడు.

ఆదివారం తొడుగు పట్టుకుని నాన్న, బుల్లి గేటు దగ్గరికి వెళ్ళారు. వాచ్‌మన్ పుస్తకం తియ్యలేదు. "ఇక్కడే ఉండండి, కబురు పెడతాను" అన్నాడు, వాళ్ళ వైపు చూడకుండా. గేటు ఊచల్లోంచి పచ్చిక కనిపిస్తోంది. అందరూ వచ్చారు. దొంగతనం జరిగిన తర్వాత కుక్కలకి ఇంకా గట్టిగా నేర్పించాలని అందరికీ పట్టుదల వచ్చిందట.

కొత్త మనిషి కోటు వేసుకుని, తొడుగు బదులు చేతికి గోనెసంచి చుట్టుకుని, పొద వెనక నుంచి వంగి వంగి వచ్చాడు. కర్ర ఆడించాడు. "పట్టు" అన్నాడు మాస్టారు.

మేజర్ పరుగెత్తింది. సగం దూరంలో నెమ్మదించింది. వాడి చుట్టూ తిరిగి కోటు వాసన చూసింది. తుమ్మింది. తోకాడించి వాడి చెయ్యి నాకింది.

ఎవరో నవ్వారు. మాస్టారు ఇంకోసారి అన్నాడు. "పట్టు." మేజర్ వాడి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ తర్వాత జిమ్మీ వచ్చింది, రాణీ వచ్చింది. అవీ అంతే.

సెక్రటరీ గారు బెంచీ మీంచి లేచాడు. "ఇదేమిటి మాస్టారూ? మొహం తెలియనివాణ్ణి చూసి తోకాడిస్తున్నాయేం?"

బుల్లి ఊచలు గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు తెలిసిపోతుంది అనుకుంది. మొహం తెలియనివాణ్ణి చూసి తోకాడిస్తుందని ఆయనే అన్నాడు. ఇంకొక్క అడుగు ముందుకి ఆలోచిస్తే చాలు.

మాస్టారు వంగి కోటు వాసన చూశాడు. తలెత్తి గేటు వైపు చూశాడు. "వీడికింకా దొంగ నడక రాలేదండి" అన్నాడు సెక్రటరీ గారితో. తర్వాత చెయ్యి ఊపాడు. "ఏమయ్యా, ఇలా రా. ఓసారి నువ్వు చేసి చూపించు."

సెక్రటరీ గారు కాస్త తటపటాయించి తలూపాడు. వాచ్‌మన్ గేటు తీశాడు.

తొడుగు అందిస్తూ బుల్లి నాన్న పక్కనే ఉంది. మాస్టారు కోటు గుండీలు తనే పెడుతూ, పెదాలు కదలకుండా అన్నాడు. "ఈ ఒక్కసారి బాగా చెయ్యి. నీకూ మీ ఆవిడకీ మళ్ళీ పని ఇప్పించే పూచీ నాది."

నాన్న తలూపి పొద వెనక్కి వెళ్ళాడు.

బయటికి వచ్చినప్పుడు వంగలేదు. కుంటలేదు, తూలలేదు. పని ముగించుకుని ఇంటికొచ్చేటప్పుడు ఎలా నడుస్తాడో అలా, నిటారుగా, చేతులు కిందికి వదిలేసి నడిచాడు. ఈ నడక ఆయన గదిలో సాధన చేసిన వాటిలో లేదు.

"పట్టు" అన్నాడు మాస్టారు. గొంతు పగిలేలా ఇంకోసారి అన్నాడు.

మేజర్ ఉరికింది. దగ్గరికొచ్చి ఆగింది. చెవులు నిక్కించి, పళ్ళు బయటపెట్టి, ఏం చెయ్యాలో తెలియక గుర్రుమంది. నాన్న తొడుగు విప్పి పక్కన పడేశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ముందుకి చాచాడు.

"మేజర్" అన్నాడు.

అంతవరకూ ఆ పేరు ఆయన నోట బుల్లి వినలేదు.

కుక్క ఆ చేతిగుడ్డని వాసన చూసింది. ఆ గుడ్డ అమ్మ కట్టింది. గుర్రు ఆగిపోయింది. నాన్న వేళ్ళు దాని గడ్డం కిందికి, మెడ మీదికి, చెవుల వెనక్కి వెళ్ళాయి. మేజర్ కళ్ళు సగం మూసుకుంది. నెమ్మదిగా ఒరిగి, వెల్లకిలా పడి, పొట్ట చూపించింది. అమ్మ చెప్పినట్టే.

బుల్లి బెంచీల వైపు తిరిగింది. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేదు, మేజర్‌కి కాపలా రాదని కళ్ళముందే ఉంది.

"అదిగో" అంది జిమ్మీ వాళ్ళమ్మ. "ఎంత చనువో చూశారా? ఆ రోజు ఎందుకు మొరగలేదో ఇప్పుడు తెలిసింది."

సెక్రటరీ గారు నిట్టూర్చాడు. "నాకు అప్పుడే అనుమానం వచ్చింది."

అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు గొలుసుని చేతికి ఒక్కో చుట్టే చుట్టుకున్నాడు.

"ముద్దు చెయ్యకూడదని నేను మొదటి రోజే చెప్పానండి" అన్నాడు.

నాన్నకి అన్నీ వినిపించాయి. చెయ్యి మాత్రం ఆపలేదు. మేజర్ పొట్ట నిమిరి, ఛాతీ నిమిరి, తీరిగ్గా చెవుల వెనక గోకాడు. తర్వాత లేచి కోటు విప్పి, అమ్మ మడత పెట్టినట్టే చేతులు లోపలికి వచ్చేలా మడిచి, పచ్చిక మీద తొడుగు పక్కన పెట్టాడు. మేజర్ ఆయన వెనకే గేటుదాకా వచ్చింది. సెక్రటరీ గారు పిలిచినా ఆగలేదు. వాచ్‌మన్ దాని మెడపట్టీ పట్టుకుని, వాళ్ళిద్దరూ బయటికెళ్ళాక గేటు వేశాడు.

రోడ్డు దాటాక నాన్న చెయ్యి ఒకసారి ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాడు.

"బుల్లీ, దాని చెవుల వెనక ఎంత మెత్తగా ఉందో తెలుసా" అన్నాడు. "మీ అమ్మ రోజూ చెబుతుంటే ఊరికే అంటోందనుకునేవాణ్ణి."